బాయి దొరకబట్టిన నంబరు

పొద్దున ఫోన్ మోగేసరికి నేను దుకాణంలో కొత్త కంప్యూటర్ అట్టపెట్టె విప్పుతున్నాను. బోథ్ నుంచి ఎవరో యువకుడు. ఒక ఆడమనిషి పేరు చెప్పి, "మొన్న పోయింది సార్. మీ నంబర్ దేవులాడెతందుకు రెండు దినాలు అయింది, లేకుంటె మొన్ననే చెప్తుంటిమి" అన్నాడు.

ఆ పేరుగల వాళ్లెవరూ నాకు గుర్తుకు రాలేదు. "ఎవరు తమ్మీ?" అన్నాను.

"మా మేనత్త సార్. కరీంనగర్ల కచేరి ముంగట టైపు కొడుతుండె. మీ దుకాణంల సుత చేసింది గద."

బాయి!

నాలుగేళ్లు ఒకే గదిలో కూర్చుని పనిచేశాం. ఆమె టిఫిన్ గిన్నెలోని జొన్నరొట్టె తిన్నాను. ఆమెకు జ్వరం వస్తే మందులు తెచ్చాను. ఆమె పేరేమిటో మాత్రం ఈ పొద్దుటి దాకా నాకు తెలియదు. ఆమె పుట్టింటి వైపు, ఆదిలాబాద్ అవతల, మరాఠీ మాట కలిసే చోట పెద్ద ఆడవాళ్లను బాయి అంటారు కదా, కచేరిలో అటెండరు మొదలుకొని తహసీల్దారు దాకా అందరూ అలాగే పిలిచేవాళ్లు. నేనూ పిలిచాను. అడగాలని ఎందుకు తోచలేదో ఇప్పుడు ఎంత తన్నుకున్నా లాభం లేదు.

ఆమెను మొదటిసారి చూసింది ఆమె బల్ల దగ్గరే. కచేరి గేటు పక్కన టార్పాలిన్ పరదా కింద నలుగురు టైపిస్టులు ఉండేవాళ్లు, ముగ్గురు మగవాళ్లు, చివర ఈమె. భర్త కూర్చున్న బల్లే అది. ఆయన పోయాక పదిహేను రోజులకు వచ్చి ఆ మిషన్ ముందు కూర్చుందట, అంతకు మించి ఆమె నోట ఆయన ముచ్చట ఎప్పుడూ వినలేదు. పాత నేత చీర ముక్కను మిషన్ మీద కప్పేది. పొద్దున ఆ గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టి తన కింద వేసుకునేది, సాయంత్రం దులిపి మళ్లీ కప్పేది. చెప్పులు పరదా బయట విడిచేది. అది రోడ్డు పక్కే కదా బాయీ, ఇల్లు కాదుగా అంటే, "పని జేసే జాగ గద" అనేది.

ఎవరైనా దరఖాస్తు కొట్టించుకోవడానికి వస్తే మొదట చేతులు ఒళ్లో పెట్టుకునేది. వచ్చినవాడు తాత కాలం నుంచి మొదలుపెట్టేవాడు. అంతా వినేది. ఒక్క అక్షరం రాసుకునేది కాదు. వాడు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు, "గదంత సరే. నీకు అసలు ఏం కావాలె?" అనేది. చాలామంది ఆ సంగతి అప్పుడే మొదటిసారి ఆలోచించేవాళ్లు. తల గోక్కునేవాళ్లు. జవాబు దొరికాక మిషన్ మీద వేళ్లు పెట్టేది, ఇక మధ్యలో ఒక్కసారి కూడా అడిగేది కాదు. సర్వే నంబర్లు, తండ్రి పేర్లు, తారీఖులు అన్నీ ఆ ఒక్క వినికిడితోనే కాగితం మీదకు వచ్చేవి. అయ్యాక చివరి మాట నుంచి మొదటి మాట దాకా వెనక్కి చదివేది. ముందు నుంచి చదివితే కండ్లు ఉన్నదాన్ని కాదు, ఉండాల్సిందాన్ని చదువుతాయని ఆమె వాదన. తప్పు లేకపోతే మరాఠీలో "చాంగ్లా", బాగుంది, అని తనకు తనే చెప్పుకుని కాగితం లాగేది. మూడు కాపీలు. అడిగినా అడగకపోయినా రెండు కార్బన్లు పెట్టి మూడు కాపీలే.

నేను ఆ బల్ల దగ్గరకు వెళ్లింది నా స్వార్థానికి. హుజూరాబాద్‌లో మా బాపుతో, అంటే నాన్నతో, పోట్లాడి, వ్యవసాయం నావల్ల కాదని, కచేరికి ఎదురుగా ఒక గది కిరాయికి తీసుకున్నాను. దానికి కరెంటు మీటరు కావాలని దరఖాస్తు పెట్టాలి.

నాకంటే ముందు ఒకతను నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ బట్టలు, మంచి గడియారం. తన భార్యకు పుట్టింటి నుంచి వచ్చిన భూమి అమ్ముతున్నాడు, అందులో ఆమెకు ఏ అభ్యంతరమూ లేదని ఆమె పేరిట కాగితం కొట్టాలి.

"ఆమేది?" అంది బాయి.

"ఇంటికాడ ఉన్నది. ఏలిముద్ర నేను ఏపిచ్చుకొస్త."

"ఆమెను తోల్కరా. ఆమె నోటితోని చెప్తె కొడ్త."

అతను గొణుక్కుంటూ పక్క బల్ల వైపు చూశాడు. ఆ మగ టైపిస్టులు ముగ్గురూ అప్పుడే ఏదో పని పడ్డట్టు తలలు వంచారు. బాయి వద్దన్న కాగితాన్ని ఆ వరసలో ఇంకెవరూ ముట్టుకోరని నాకు తర్వాత తెలిసింది. ఆ మనిషి వెళ్లి గంటలో భార్యను స్కూటర్ మీద తెచ్చాడు. నా వంతు వెనకవాళ్లకు ఇచ్చేసి నేను ఇంకా అక్కడే ఉన్నాను, ఈ ఆట చూడకుండా ఎలా పోతాను? ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. బాయి తన స్టూలు ఆమెకిచ్చి తను నిలబడింది. "చెప్పు బిడ్డా. నీకు అసలు ఏం కావాలె?"

ఆమె భర్త వైపు చూడలేదు. "నాకు అమ్ముడు ఇష్టం లేదు" అంది.

బాయి నిలబడే టైపు చేసింది. ఒకే వాక్యం. 'పై విషయమున నాకు అభ్యంతరం కలదు.' వెనక్కి చదివింది. మూడు కాపీలు తీసి ఒకటి ఆమె చేతిలో పెట్టింది. అతను అరిచాడు, పరదా గుంజ పట్టుకుని ఊపాడు. బాయి గొంతు పెంచలేదు. "నీ దరఖాస్తయితె నీ మాట కొడ్త. ఆమె దరఖాస్తుకు ఆమె మాటనే. గంతే" అంది.

తర్వాత నా వంతు. ఉన్న రెండు ముక్కలు చెప్పాను.

"ఏం దుకాణం సేటూ?"

"కంప్యూటర్ టైపింగ్ బాయీ. తెలుగు."

వేళ్లు మీటల మీదే కాసేపు ఆగాయి. ఎదురుగా ఉన్న ఆ గదిని ఒకసారి చూసింది. నేను ఏమన్నా తప్పు మాట్లాడానా అనుకున్నాను, అంతకు మించి ఆలోచించే తెలివి నాకు లేదు. ఆమె టైపు మొదలుపెట్టబోతుంటే, "పైన శ్రీరామ అని కొట్టండి" అన్నాను. మా ఇంట్లో చాకలి పద్దుకైనా పైన శ్రీరామ లేకుండా కాగితం మొదలుకాదు.

"కరెంటోళ్ల కాయిదం మీద దేవుడు ఎందుకు?"

"అలవాటు బాయీ. కొత్త పని."

నవ్వి కొట్టింది. చివర నేను చెప్పని మాట ఒకటి కలిపింది, 'జీవనాధారము గనుక త్వరగా ఇప్పించగలరు' అని. "గా మాట లేకుంటె ఆరు నెలలు తిప్పుతరు" అంది. తన బల్లకు ఎదురుగా రాబోయే దుకాణానికి కరెంటు త్వరగా రావాలని రాసిన మనిషి ఆమె. ఇది నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది.

ఆ ఏడాదిలో పరదా కింద బల్లలు నాలుగు కాస్తా రెండయ్యాయి, తర్వాత ఒకటి. కంప్యూటర్ కాగితం తళతళలాడుతుంది, జనం రోడ్డు దాటి నా దగ్గరకు వచ్చారు. ఒకరోజు బాయి కూడా దాటింది. చెప్పులు గుమ్మం బయట విడిచి, "నేర్పుతవా?" అంది.

నాకు లోపల నవ్వొచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. యాభై దాటిన మనిషి. కీబోర్డు ముందు కూర్చోబెట్టి, మౌసు అంటే ఇది, ఇలా పట్టుకోవాలి అంటూ పెద్ద పండితుడిలా మొదలుపెట్టాను. ఆమె మౌసును ముట్టుకోలేదు. తెలుగు సాఫ్ట్‌వేర్‌లో టైపు మిషన్ వరసే మీటలకు పెట్టుకునే ఏర్పాటు ఒకటి ఉంటుంది. నేను దాన్ని ఎన్నడూ వాడలేదు. అది పెట్టి ఇచ్చాక ఆమె తెర వైపు చూస్తూ అర పేజీ కొట్టేసింది, చేతులు చూసుకోకుండా. నేను రెండు వేళ్లతో పొడుస్తూ రోజుకు చేసే పని ఆమె పూటకు చేసింది. వారం తర్వాత తన పాత మిషన్‌ను కూడా తెచ్చి మా దుకాణం మూలన పెట్టుకుంది. చీర గుడ్డ కప్పి. "దీన్ని ఇంట్ల పెడితె ఎలుకలు కొరుకుతయి" అంది.

ఆమె బల్ల ఖాళీ అయింది నా వల్లనే అన్న మాట ఒకసారి నా నోటి దాకా వచ్చింది. చెప్పేశాను కూడా. "నువ్వు కాకపోతె ఇంకొకడు పెడుతుండె. నీ దగ్గరైతె జర మనిషి మర్యాద ఉన్నది" అని ప్రూఫు మీదకు వంగింది.

ఇక ఆ నంబరు సంగతి.

ఆ చలికాలం మాకు పెద్ద పని దొరికింది. చుట్టుపక్కల ప్రైవేటు బడులన్నిటికీ పదో తరగతి పరీక్ష పేపర్లు, తెలుగు మీడియం. వేళకు ఇస్తే ఏటా మాకే ఇస్తామన్నారు. ఇవ్వకపోతే నేను హుజూరాబాద్ బస్సెక్కి, "బాపూ, నువ్వు చెప్పిందే నిజం" అని పొలం గట్టు మీద నిలబడాలి. వేసవి దాకా దుకాణం నిలబడకపోతే తిరిగి వస్తానని ఆయనకు మాట ఇచ్చి ఉన్నాను. బాయి పందొమ్మిది పేపర్లు కొట్టేసింది. ఇంకా మూడు. గడువు నాలుగు రోజులు.

ఆ పొద్దున కంప్యూటర్ పెట్టగానే తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. ముందురోజు కరెంటు అర్ధంతరంగా పోయినప్పుడు ఏదో చెడింది. పందొమ్మిది పేపర్లూ లోపలే ఉన్నాయి, అది తెరుచుకుంటే తప్ప ఒక్కటీ చదవరాదు. సరే, ఫ్లాపీలు పెట్టి మళ్లీ ఎక్కిద్దామని కూర్చున్నాను. ఎక్కించేటప్పుడు అది నంబరు అడుగుతుంది. అన్నీ అంకెలే, పొడుగాటి నంబరు. అమ్మినాయన సిరా పెన్నుతో చీటీ మీద రాసి ఫ్లాపీల డబ్బా మూత మీద అంటించాడు.

డబ్బా తీశాను. చీటీ ఉంది. నంబరు లేదు. దాని మీద అరచేయంత పసుపు, నడుమ కుంకుమ బొట్టు.

దసరానాడు నేనే పెట్టాను. కంప్యూటర్‌కు, ప్రింటర్‌కు, బాయి టైపు మిషన్‌కు, ఆఖరికి స్టేప్లర్‌కు కూడా బొట్టు పెట్టి, కీబోర్డు మీద జమ్మి ఆకు పెట్టి దండం పెట్టుకున్నాను. ఫ్లాపీల డబ్బాను మరిస్తే దోషమని దానికి మరింత తడి పసుపు మెత్తాను. సిరా అంతా పసుపులో కలిసిపోయింది.

హైదరాబాద్‌లో అమ్మినాయనకు ఫోన్ చేస్తే ఎవరో ఎత్తి, ఆయన ఆ గది ఖాళీ చేసి ఆరు నెలలైందన్నారు. మెషీన్ రిపేరు చేసేవాడు వచ్చి చూసి, "అన్నా, మొత్తం చెరిపేసి కొత్తగ ఎక్కిద్దాం. వేరే సాఫ్ట్‌వేర్ తెస్త. పేపర్లు మళ్ల కొట్టుకోవాలె" అన్నాడు. నాలుగు రోజుల్లో ఇరవై రెండు పేపర్లు! కానీయ్ అనబోయాను.

"ఆగు" అంది బాయి. "ఇల్లు అలుకుతవు సరే, ఇంట్ల ఏమున్నదో చూసినవా?"

రిపేరువాడు నవ్వాడు. ఆమె వాణ్ని పట్టించుకోకుండా నాకు ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. నాకు ఆ వాలకం తెలుసు. ఇప్పుడు దరఖాస్తుదారుణ్ని నేను.

"మొదటి దినం ఏమేం అడిగిందో చెప్పు. పురాగ చెప్పు."

చెప్పాను. మొదట పేరు అడిగింది. తర్వాత నంబరు అడిగింది. రెండూ కొట్టాక ఒప్పుకుంది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

"మళ్ల అడగలేదంటె రాసిపెట్టుకున్నట్టే గద. కచేరిల కాయిదం ఇస్తె ఇన్‌వర్డు రిజిష్టర్ల ఎక్కియ్యరా? ఇచ్చినాయన పేరు, దాని పక్కన నంబరు. గిది సుత ఏడనో ఎక్కిచ్చుకుంటది. నీ పేరు పెట్టి దేవులాడు, పక్కననే నంబరు ఉంటది."

రిపేరువాడి నవ్వు ఆగింది. ఫైళ్లలో ఫలానా మాట ఎక్కడుందో వెతికే ఏర్పాటు మెషీన్‌లోనే ఉంది. నేను దాన్ని ఎన్నడూ అలా వాడలేదు. నా పేరు కొట్టి వెతకమన్నాను. తెర మీద భూతద్దం బొమ్మ గుండ్రంగా తిరగడం మొదలైంది. ఆ మెషీన్ ఎంత నిదానమంటే ఒక్క వెతుకులాటకు అరగంట. పన్నెండుకు కరెంటు కోత, మళ్లీ మూడింటికే వస్తుంది. నా పేరుతో ఏమీ దొరకలేదు. దుకాణం పేరుతో వెతికాం. అదీ లేదు. పదకొండున్నర దాటింది. రిపేరువాడు వేరే పనుందని వెళ్లిపోయాడు.

"పేరు అడిగినప్పుడు నీ పేరే కొట్టినవా? యాది చేసుకో."

"ఇంకేం కొడతాను బాయీ? పేరంటే నా పేరే కదా."

ఆమె నన్ను అలాగే చూసింది. తర్వాత మొహం విప్పారింది. "కరెంటు మీటరు కాయిదం మీద మొదాలు ఏం కొట్టిచ్చినవు?"

కొత్త మెషీన్, మొట్టమొదట కనిపించిన ఖాళీ గడి. అది ఏం అడుగుతుందో చూడకుండానే నా చేతులు ఏం కొట్టి ఉంటాయో నాకంటే ఆమెకు బాగా తెలుసు. శ్రీరామ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి వెతకమన్నాను. పన్నెండుకు కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె కీచుమని అరవడం మొదలుపెట్టింది. దాని ఆయుష్షు ఏడెనిమిది నిమిషాలు. భూతద్దం ఇంకా తిరుగుతూనే ఉంది. నేను తెర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను, గుడిలో నిలబడ్డట్టు.

ఒక్క ఫైలు పేరు తెర మీద పడింది. తెరిచాను. పైన శ్రీరామ. కింద నంబరు. కాగితం కోసం బల్ల సొరుగు లాగాను, పెన్ను దొరికింది, మూత రాలేదు, వచ్చింది, నాలుగు అంకెలు రాశానో లేదో తెర నల్లబడిపోయింది.

"అయ్యో బాయీ!"

ఆమె అప్పటికే లేచింది. మూలకు వెళ్లి చీర గుడ్డ తీసింది, నాలుగు మడతలు పెట్టి కింద వేసుకుంది. మూడు కాగితాలు, నడుమ రెండు కార్బన్లు. ఆ మిషన్‌కు కరెంటుతో పనేముంది? కండ్లు కిటికీ వైపు పెట్టి, తెర మీద ఒక్క చూపులో చదివిన నంబరు మొత్తం కొట్టింది, ఆగకుండా. పైన మా దుకాణం పేరు కూడా కొట్టింది. అప్పుడు చివరి అంకె నుంచి వెనక్కి చదువుకుంది. "చాంగ్లా" అంది.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"నీ భక్తి పోగొట్టింది, మళ్ల నీ భక్తే దొరకవట్టింది" అని ఆమె ఒకటే నవ్వు. "ఏడువకు సేటూ. నీ దుకాణం బందైతె నేను యాడ కూసోవాలె?"

మూడింటికి కరెంటు వచ్చింది. మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాం. మొదట పేరు అడిగింది. "బాయీ, ఈసారి మీ పేరు కొట్టండి. ఈ దుకాణం మీది" అన్నాను. మనసులో ఉన్న మాటే అన్నాను.

"నా పేరెందుకు? ఇరువై ఏండ్ల సంది మంది పేర్లు కొడుతున్న, నాది ఏడ కొట్టుకోలేదు. ఉన్నదే ఉండనీ." ఆగి మళ్లీ అంది. "అండ్ల పేరు కాదు కొడుకా, యాదికుండేది రాయాలె. అవసరం పడ్డనాడు దేవులాడితె దొరకాలె. బస్."

శ్రీరామ అనే కొట్టాను. నంబరును ఒప్పుకుంది. పందొమ్మిది పేపర్లూ తెరుచుకున్నాయి. మిగతా మూడు ఆమె మర్నాటికే ముగించింది. పరీక్షలు వేళకు జరిగాయి. ఆ వేసవికి బాపు మొదటిసారి దుకాణానికి వచ్చి, కుర్చీలో కూర్చోకుండా బాయి స్టూలు పక్కన నిలబడి ఆమె వేళ్లను చాలాసేపు చూశాడు. మూడు కాపీల్లో ఒకటి దుకాణంలో పెట్టాం, ఒకటి మా ఇంట్లో, ఒకటి బాయి తీసుకెళ్లింది. చూపు మందగించాక ఆమె బోథ్‌కు, తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. పోయేటప్పుడు మిషన్ ఇక్కడే వదిలింది. గుడ్డ నేను కప్పుతున్నాను, ఆమె మడతలు మాత్రం నాకు రావు.

మేనల్లుడు ఫోన్ పెట్టేసే ముందు ఇంకో మాట అడిగాడు. "సార్, అత్త సందుగ పెట్టెల ఒక కాయిదం ఉన్నది. మీ దుకాణం పేరు, కింద పొడుగుగ ఏవో అంకెలు. పారెయ్యొద్దని మా నాయనకు చెప్పిందట. అవుసరమా సార్? పంపియ్యాల్నా?"

ఆ సాఫ్ట్‌వేర్ పాతబడి, మేం దాన్ని తీసేసి రెండేళ్లయింది. "అవసరం తమ్మీ. పంపించు" అన్నాను.

కొత్త మెషీన్ ఇప్పుడు నా ఎదురుగా ఉంది. కొత్త తెలుగు సాఫ్ట్‌వేర్, కొత్త నంబరు. నంబరు కంటే ముందు ఖాళీ గడి పేరు అడుగుతోంది. చేతులు వాటంతట అవి 'శ్రీ' దాకా వెళ్లాయి. ఆపి, వెనక్కి చెరిపాను.

పొద్దున ఫోన్‌లో విన్న పేరు కొట్టాను. ఆమె ఉంటే ఒప్పుకునేది కాదు, నాకు అభ్యంతరం కలదు అని నిలబడే మూడు కాపీలు తీసేది. అందుకే ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. చివరి అక్షరం నుంచి వెనక్కి ఒకసారి చదువుకున్నాను, తప్పు లేదు. ఈసారి నంబరు పోతే ఏం పెట్టి దేవులాడాలో నాకు తెలుసు.